కరియకు కన్నడమొక్కటే వచ్చు

మొన్న మా మనవరాలు తన కుక్కకు సూది వేయించడానికి పోతూ నన్ను కూడా కారెక్కించుకుంది. ఇంట్లో ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చుంటానని దాని బెంగ. పశువుల డాక్టరమ్మ చిన్నపిల్ల. ముక్కుకు సన్నటి పుడక, చేతులకు రబ్బరు తొడుగులు. "అమ్మమ్మా, జర తల పట్టుకుంటరా?" అంది. పట్టుకున్నాను. ఆ అమ్మాయి మెడ మీది తోలు కొంచెం పైకి లాగి గుచ్చింది, అంతే, అయిపోయింది. సూది వెయ్యడానికి పట్టిన సమయం కంటే కార్డు మీద తేదీ రాసి ముద్ర కొట్టడానికే ఎక్కువ పట్టింది. "ఇది దేనికమ్మా?" అని అడిగాను. తెలిసే అడిగాను. "పిచ్చి లేవకుండ అమ్మమ్మా. ఏడాదికొక్కసారి ఏస్తే ఇగ ఫికరే లేదు" అంది. వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆ కుక్క నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. నేను మాత్రం అప్పటికే జహీరాబాదులో మా ఇంటి వెనక అల్లం ఎండబోసిన కళ్ళంలో ఉన్నాను. నాకు తొమ్మిదేళ్ళు.

అప్పటి జహీరాబాదు అంటే రైలు స్టేషను, ఒక బజారు, నాలుగైదు వీధులు, వాటిని దాటితే చెరుకు. మా ఇల్లు ఆ చెరుకు మొదలయ్యే చోట ఉండేది. తాత అల్లం పండించేవాడు. తవ్వే కాలం వచ్చిందంటే మా ఇంట్లో దుప్పట్లు, పుస్తకాలు, చివరికి తాగే నీళ్ళు కూడా అల్లం వాసన వేసేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నాకు జలుబు చేసిందేమోనని రోజూ అడిగేది. కొంత అల్లాన్ని కడిగి, గోకి, శొంఠి కోసం ఎండబెట్టేవాళ్ళం. ఆ పని అమ్మ చూసుకునేది. చలికాలంలో అమ్మ వేళ్ళు పగిలి, ఆ పగుళ్ళలోకి అల్లం రసం దిగి మండుతుంటే, పిడికిళ్ళు బిగించి ఊదుకుంటూ తిరిగేది. ఆ పగుళ్ళ సంగతి మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.

అమ్మది బీదరుకు అవతల ఒక పల్లె. పదమూడో ఏట మా ఇంటికి వచ్చింది. వచ్చేనాటికి ఆమెకు కన్నడం తప్ప మరో ముక్క రాదు. వచ్చిన వారానికే పొయ్యి మీద పాలు పొంగుతుంటే "హాలు, హాలు" అని కేక పెట్టిందట. ఇల్లంతా నవ్వింది. తాత అయితే ఆ మాటను పదేళ్ళు మోసుకు తిరిగాడు. "పా అనెతందుకు మీ వాళ్ళకు నోరు తిరగదా బిడ్డా? పులిని హులి అంటరు, పాలను హాలంటరు. పప్పునేమంటరు?" అని భోజనాల దగ్గర అడిగేవాడు. తాత చెడ్డవాడు కాదు. ఆయనకొక ఏర్పాటు ఉండేది: ఇంటి దర్వాజా లోపల తెలుగు, కచేరీలో ఉర్దూ, దేవుడి ముందు వచ్చినంతలో సంస్కృతం. ఆ ఏర్పాటులో కన్నడానికి ఎక్కడా చోటు లేకపోయింది. అమ్మ తెలుగు నేర్చుకుంది, బాగానే నేర్చుకుంది. కానీ ఆమె తెలుగులో నవ్వడం నేను చాలా తక్కువగా చూశాను.

కరియ వచ్చాక అమ్మకు కన్నడం మాట్లాడడానికి ఒక తోడు దొరికింది. నేను పుట్టిన తర్వాత మూడో ఏడో నాలుగో ఏడో, మా మేనమామ అమ్మను చూడడానికి వచ్చినప్పుడు సంచిలో ఒక కుక్కపిల్లను వేసుకుని వచ్చాడు. అది బెల్లం వండే పొయ్యి దగ్గర పుట్టిందట. బొగ్గులో, మసిలో పొర్లి నల్లగా నిగనిగలాడుతుంటే, నల్లోడు అనే అర్థంలో కరియ అని పేరు పెట్టి మరీ తెచ్చాడు. అమ్మ దాన్ని బావి దగ్గరికి తీసుకుపోయి రెండు చెంబుల నీళ్ళు పోసింది. నలుపంతా కారిపోయి గోధుమ రంగు కుక్కపిల్ల బయటపడింది. మేనమామ తల గోక్కున్నాడు. అప్పటికే పేరు పిలవడం అలవాటైపోయింది కాబట్టి, వాడు జీవితమంతా గోధుమ రంగు కరియగానే ఉండిపోయాడు.

అమ్మ వాడితో కన్నడంలోనే మాట్లాడేది. కుక్కతో ఏ భాషలో మాట్లాడినా తాత ఏర్పాటుకు భంగం లేదు కదా. "బా" అంటే వచ్చేవాడు, "కుంద్రు" అంటే కూర్చునేవాడు, "తిన్ను" అన్న తర్వాతే రొట్టె ముట్టేవాడు. నాయిన తెలుగులో ఎంత బతిమాలినా పట్టించుకునేవాడు కాదు. తాత సర్కారీ మనిషి జనాన్ని అదిలించినట్టు ఉర్దూలో "హటో" అంటే, ఎవర్నో అంటున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు. అల్లం గోకుతూ అమ్మ వాడికి కబుర్లు చెప్పేది, పుట్టింటి సంగతులు, మేనమామ పెళ్ళి, ఎవరి బర్రె ఈనిందో. వాడు ముందు కాళ్ళ మీద గడ్డం ఆనించి వినేవాడు. నాకు వచ్చిన కన్నడమంతా అలా, అమ్మ కుక్కతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని పట్టుకున్నదే. మా ఇంట్లో అందరూ వాణ్ణి "వాడు" అనేవాళ్ళు. తాత ఒక్కడే "అది" అనేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన ఏడాది చలికాలం. పొద్దెక్కి, ఎండ కొంచెం చురుక్కుమంటున్న వేళ. అమ్మ కళ్ళంలో కూర్చుని అల్లం తిరగేస్తోంది. నేను గట్టు మీద కూర్చుని పలక తుడుస్తున్నాను. చెరుకులోంచి ఒక నక్క బయటికి వచ్చింది. నక్కలు మాకు కొత్త కాదు, కానీ మనిషి అలికిడికే పారిపోతాయి. ఇది పారిపోలేదు. తాగినవాడిలా పక్కకు ఒరిగిపోతూ, నోరు వేలాడేసుకుని, తిన్నగా అమ్మ వైపే నడిచి వచ్చింది. అమ్మకు దాని వైపు వీపు ఉంది. నేను అరిచేలోపలే, ఎక్కడ పడుకుని ఉన్నాడో, కరియ అమ్మ భుజం మీదుగా దూకినట్టే వచ్చి దాని మీద పడ్డాడు. కొట్టంలోంచి పనివాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చేసరికి రెండూ కలిసి ఒకే ముద్దలా దొర్లుతున్నాయి. నక్కను అక్కడికక్కడే కొట్టి చంపారు. కరియకు పై పెదవి మీద, చింతగింజంత, ఒకటే గాటు.

ఆ రోజు వాడు మా ఇంటికి రాజు. అమ్మ గాటును పసుపునీళ్ళతో కడిగి, తన చేతులతోనే పసుపు అద్దింది. దిష్టి తీసింది. నుదుట బొట్టు పెడితే నాలుకతో అందుకోవాలని చూసి నవ్వు తెప్పించాడు. వాడి వైపు కన్నెత్తి చూడని తాత కూడా వాడి చిప్పలో పాలు పోయించి, "తాగు" అన్నాడు. వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ కన్నడంలో చెప్పిన తర్వాతే తాగాడు. "దీనికి నా మీద నమ్మకం లేదు" అని తాత అందరికీ వినపడేలా అన్నాడు.

మర్నాడు మా పక్కింటి జమేదారు చాచా వచ్చాడు. ఆయన ఉద్యోగమంతా అడవుల్లో చేసి వచ్చినవాడు. ఒక పాత తుపాకి, మోకాళ్ళ నొప్పి, రెండింటినీ అక్కణ్ణుంచే తెచ్చుకున్నాడు. మెచ్చుకోవడానికే వచ్చాడు. నక్క ఎలా వచ్చిందో నాయిన చెబుతుంటే మాత్రం ఆయన ముఖంలో రంగు తగ్గుతూ పోయింది.

"పట్టపగలు నక్క మనిషి మీదికి వచ్చుడంటె మామూలు సంగతి కాదు పటేల్ సాబ్. అది పిచ్చి నక్క. కుక్కను కరిచిందా?"

పెదవి మీది గాటు చూపించారు. అది అప్పటికే మానడం మొదలుపెట్టింది. చాచా అమ్మ వైపు తిరిగాడు. "దానికి పసుపు ఎవరు పెట్టిన్రు బేటీ?" అమ్మ తన చేతులు చాపింది. ఆ పగుళ్ళు చూడగానే, గాటు మీది నక్క చొంగ వాటిలోకి దిగి ఉంటుందని, వెంటనే దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు.

దవాఖానకు పోయినప్పుడు అమ్మ కొంగు పట్టుకుని నేనూ వెళ్ళాను. డాక్టరు అమ్మ చేతులు చూసి, సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడిగించి, రేపటి బండికే హైదరాబాదు పొమ్మన్నాడు. పద్నాలుగు రోజులు, రోజుకొక సూది, బొడ్డు చుట్టూ. అమ్మ తల ఊపుతూ విన్నది. అంతా విని, "మరి కరియకు ఎన్ని సూదులు?" అని అడిగింది. కరియ ఎవరని డాక్టరు నాయినను అడిగాడు. తెలుసుకున్నాక కాగితం మీద రాస్తున్న చెయ్యి ఆపి, "కుక్కకు లెవ్వమ్మా. మనుషులకే దొరుకుత లేవు" అన్నాడు. మళ్ళీ రాసుకోసాగాడు.

సాయంత్రం చాచా తుపాకి భుజాన వేసుకునే వచ్చాడు. "ఇయ్యాల్నే పని కానిస్త. వానికి తక్లీఫ్ ఉండదు, మీకు భయముండదు" అన్నాడు. వాకిట్లో కరియ ఆయన చెప్పులు వాసన చూస్తున్నాడు, తోక ఊపుతున్నాడు. మాట్లాడింది తాత.

"వానికి పిచ్చి లేస్తదని రూఢిగ చెప్పగలవా?"

"రూఢిగ ఎవరు చెప్తరు? లేవకపోతె అల్లా దయ."

"గట్లయితె ఆగు. నా కోడలి పానం కాపాడినోడు, మంచిగ తోక ఊపుతున్నోడు, వానికి తుపాకెట్ల చూపిస్తం?"

తాత నోట "వాడు" అన్న మాట అదే మొదటిసారి. అది గమనించింది నేను, అమ్మ. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఎద్దును కట్టే గొలుసు తెచ్చి కొట్టంలో రాతి గుంజకు కరియను కట్టేశారు. గొలుసు ఎంతవరకు వస్తుందో చూసి, ఇంకో రెండడుగులు వదిలి, తాత నేల మీద సున్నంతో గీత గీశాడు. దాన్ని ఎవరూ దాటకూడదు. మర్నాడు పొద్దున బండికి పోయే ముందు అమ్మ ఆ గీత దగ్గరికి వచ్చి నిలబడింది. కొత్త చీర, చేతిలో మూట. వాడు గొలుసు బిగిసేదాకా వచ్చి, మెడ చాచి, ముక్కు ముందుకు పెట్టాడు. రోజూ ఆ ముక్కు అమ్మ అరచేతిలో ఉండేది. అమ్మ చెయ్యి ముందుకు కదిలి, మళ్ళీ వెనక్కి పోయింది. "కుంద్రు" అంది. వాడు కూర్చున్నాడు. "హోగి బర్తీని" అంది, పోయొస్తా అని. ఆ మాట బావికి పోయినా, పొలానికి పోయినా చెప్పేదే కాబట్టి వాడు చెవులు నిక్కించి మామూలుగానే విన్నాడు. తర్వాత అమ్మ ఇంకా ఏదో చెప్పింది, చాలా చెప్పింది, వేగంగా, గొంతు తగ్గించి. నా కన్నడం అంత దూరం రాలేదు. నాయిన "బండి టైమైతున్నది" అన్నాడు. అమ్మ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. వాడు మాత్రం సాయంత్రం దాకా కూర్చునే ఉన్నాడు. ఎవరూ లెమ్మనలేదు కదా.

ఇల్లంతా కలిపి నేనూ తాతా మిగిలాం. పక్కింటి పెద్దమ్మ రొట్టెలు చేసి పంపేది. మొదటి రోజు తాత ఒక రొట్టెను పొడుగాటి కర్రతో గీత అవతలికి తోశాడు. కరియ వాసన చూశాడు, తినలేదు. రెండో రోజూ తినలేదు. మూడో రోజు పొద్దున తాత నా దగ్గరికి వచ్చి, పక్కన ఎవరైనా ఉన్నారేమోనని చూసి, "తిను అనెతందుకు మీ అమ్మ ఏమంటదే?" అని అడిగాడు.

"తిన్ను" అన్నాను.

"అంతేనా? గిదేం కన్నడం! తెలుగే గద!" అని తాత చాలా ఆశ్చర్యపోయాడు. కొట్టంలోకి పోయి గొంతు సవరించుకున్నాడు. ఆయన పలికింది కన్నడమూ కాదు, తెలుగూ కాదు, మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. కానీ కరియ చెవి కదిలింది. ఇంకోసారి అన్నాడు. వాడు లేచి వచ్చి రొట్టె తిన్నాడు. తాత కళ్ళు తుడుచుకుని, కొట్టంలో దుమ్ము ఎక్కువగా ఉందని పనివాళ్ళ మీద కేకలేశాడు.

అప్పట్నుంచి తాత రోజుకు రెండు పూటలా ఒక పీట తెచ్చుకుని గీతకు ఇవతల కూర్చునేవాడు. నన్నడిగి రోజుకొక మాట నేర్చుకునేవాడు. నీళ్ళు, ఎండ, మంచిది, అమ్మ వస్తుంది. ఆయన తప్పుగా పలికితే నేను దిద్దేదాన్ని. పదేళ్ళు అమ్మను వెక్కిరించిన ఆయన నా వెక్కిరింపును తలొంచుకుని భరించాడు. ఆ రోజుల్లో కరియ ఒంట్లో ఏ రోగమూ కనపడలేదు. పెదవి మీద గాటు మానిపోయి వెంట్రుక కూడా మొలిచింది. అదే తట్టుకోలేకపోయేదాన్ని. బాగున్నవాణ్ణి ఎందుకు కట్టేశారో, ఎవరూ ఎందుకు ముట్టుకోవడం లేదో వాడికి అర్థం కాలేదు. ఏదో తప్పు చేశాననుకున్నట్టున్నాడు. నేను గీత దగ్గర నిలబడితే చాలు, చెప్పులు కొరికి తిట్లు తిన్నప్పుడు చేసేటట్టు చెవులు వెనక్కి వాల్చి, వెల్లకిలా పడుకుని పొట్ట చూపించేవాడు. క్షమించమని. "నీ తప్పేం లేదురా" అని చెప్పడానికి నాకు కన్నడంలో మాటలు తెలియవు. తెలిసిన మాటలన్నీ రమ్మనడానికి, కూర్చోమనడానికి, తినమనడానికి. తాతను అడిగాను, చాచా తప్పు చెప్పి ఉండొచ్చు కదా అని. "ఉండొచ్చు బిడ్డా, ఉండొచ్చు" అన్నాడు. పదో రోజు నాటికి ఇద్దరం దాన్ని కొంచెం కొంచెం నమ్మడం మొదలుపెట్టాం. తాత అయితే, అమ్మ వచ్చేనాటికి గొలుసు తీసేద్దామన్నాడు.

పద్నాలుగో రోజు పొద్దున వాడి గొంతు మారింది. మొరుగుడు మొదలై, మధ్యలో విరిగి, సన్నటి ఊళగా పోయేది. తాత "తిన్ను" అంటే రొట్టె దగ్గరికి వచ్చాడు, నోట్లోకి తీసుకున్నాడు, మింగలేకపోయాడు. నీళ్ళూ అంతే. మర్నాటికి గొలుసును కొరకడం మొదలుపెట్టాడు. పళ్ళు విరిగి రక్తం వచ్చినా ఆపలేదు. నన్ను ఇంట్లోంచి బయటికి రావద్దన్నారు. కొట్టం వైపు కిటికీ ఒకటి ఉంది, దాని ఊచలు పట్టుకుని నిలబడేదాన్ని. తాత పీట మీదే కూర్చుని, తెలిసిన కన్నడమంతా ఒక్కొక్క మాటే చెబుతూ ఉండేవాడు. ఎండ. నీళ్ళు. మంచిది. అమ్మ వస్తుంది. వాడు ఆ గొంతు వైపే దూకేవాడు, గొలుసు లాగి పడేసేది. తాత మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఇంకేం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. ఎవరికీ తెలియలేదు.

పదహారో రోజు మధ్యాహ్నం తాతే పోయి చాచాను పిలుచుకొచ్చాడు. చాచా గీత దగ్గర నిలబడి తుపాకి ఎత్తాడు, దించాడు. "ఒక్కతాన నిలుస్త లేడు పటేల్ సాబ్. తప్పిందంటె ఇంకింత కష్టం" అన్నాడు. తాత ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు ఆ మాట చక్కగా వచ్చింది ఆయనకు, అమ్మ అన్నట్టే వచ్చింది: "కుంద్రు." కరియ కూర్చున్నాడు. అప్పటికే వాడి వెనక కాళ్ళు పట్టు తప్పుతున్నాయి. కాళ్ళు పోయి కూలబడ్డాడో, మాట వినే కూర్చున్నాడో, నాకు ఈ రోజుకీ తెలియదు. తాత వినే కూర్చున్నాడని నమ్మాడు. ఆ నమ్మకమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను, చప్పుడు మాత్రం ఊచల్లోంచి నా చేతుల్లోకి వచ్చింది.

ఆ తర్వాత రెండు రోజులకు అమ్మా నాయినా వచ్చారు. కోడలికి ఎదురు స్టేషనుకు పోవడం తాతకు అలవాటు లేని పని. ఆ రోజు తలకు తెల్ల రుమాలు చుట్టుకుని, నా వేలు పట్టుకుని బయలుదేరాడు. సగం దారిలో ఆగాడు.

"పోయిండు అనెతందుకు ఏమంటరే?"

"హోద" అన్నాను.

స్టేషను దాకా తాత పెదవులు కదుపుతూనే నడిచాడు. బండి ఆగింది. అమ్మ చిక్కిపోయి ఉంది, పొట్ట మీద ఒక చెయ్యి ఆనించుకుని మెల్లగా దిగింది. మామగారిని అక్కడ చూడగానే ఆమెకు సగం తెలిసిపోయి ఉంటుంది. కొంగు సర్దుకుని నిలబడింది.

"కరియ... హోద" అన్నాడు తాత.

అమ్మ ఆయన ముఖం వైపు చూసింది. మా ఇంట్లో అడుగుపెట్టిన తర్వాత మామగారి ముఖాన్ని అలా ఎదురుగా చూడడం ఆమెకు అదే మొదలు అనుకుంటాను. కన్నడంలోనే అడిగింది, ఎప్పుడని. ఆ మాట తాత ఇంకా నేర్చుకోలేదు. నా వైపు చూశాడు, నేను చెప్పాను. "మొన్న" అన్నాడు తెలుగులో. అమ్మ ఇంకొకటి అడిగింది. "తిందనా?" తిన్నాడా అని. దానికి నా అవసరం రాలేదు. "తింద, తింద. దినాం తింద" అన్నాడు తాత గబగబా. చివరి మూడు రోజుల సంగతి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అమ్మ మూట కింద పెట్టి దాని పక్కనే కూర్చుండిపోయింది. తాత పంచె మట్టయ్యేలా తనూ ఆ నేల మీదే కూర్చున్నాడు. బండి మమ్మల్ని దాటుకుని బీదరు వైపు పోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో కన్నడం మీద నిషేధం లేకపోయింది. తాతే ఒకరోజు "మీ భాషల మాట్లాడుకో బిడ్డా" అన్నాడు. అమ్మ సరేనంది. కానీ ఎవరితో మాట్లాడుతుంది? ఎప్పుడైనా సాయంత్రాలు తాత తనకు వచ్చిన ఆ పన్నెండు మాటల్లో ఒకటి అనేవాడు, ఎండ అనో, నీళ్ళు అనో. అమ్మ జవాబుగా ఇంకొకటి అనేది. వాళ్ళిద్దరి మధ్య అంతకు మించి మాటలు లేవు, అక్కర కూడా లేకపోయింది. తాత పోయాడు, చాచా పోయాడు, అమ్మ కూడా నిండుగా బతికి పోయింది. నాకు చదువు, పెళ్ళి, పిల్లలు, మనవలు, అన్నీ వచ్చినట్టే వచ్చి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఇప్పుడు విడదీసి చెప్పమంటే ఏ ఏడు ఏదో చెప్పలేను. దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళు ఎటు పోయాయో నాకు తెలియదు గాని, చేతులు కట్టుకుని ఎదురుచూడడం తప్ప ఏమీ చెయ్యలేకపోయిన ఆ పదహారు రోజులు మాత్రం, ఏ పొద్దుకు ఆ పొద్దుగా, ఒక్కటీ గడవకుండా నా దగ్గరే ఉన్నాయి.